పెళ్లి గ్రూప్ ఫొటోలో స్తంభం వంగకుండా మనిషిని సరిచేయడం ఎలా?

ఆల్బమ్ పని నేర్చుకుంటున్న కొత్తలో ఒక పెళ్లికూతురి పిన్నిగారి జబ్బ సన్నం చేశాను. అరగంట కూర్చుని, బాగా వచ్చిందని మురిసిపోయి ప్రూఫ్ పంపాను. పెళ్లికూతురి తమ్ముడు చూశాడు. పిన్ని చేతి సంగతే ఎత్తలేదు. "అన్నా, మండపం స్తంభానికి నడుమొచ్చిందేంటి?" అన్నాడు. చూస్తే నిజమే. చేతిని లోపలికి తోసినప్పుడు పక్కనున్న స్తంభం కూడా వెంట వచ్చేసింది. బంతిపూల దండలు చుట్టిన నిటారు స్తంభం కాస్తా ఒయ్యారంగా నిలబడింది.

ఆకారం మార్చిన ఫొటోను పట్టించేవి ఎప్పుడూ చుట్టుపక్కల వస్తువులే. స్తంభం, తలుపు చట్రం, గచ్చు మీది టైల్స్ గీత, చీర గళ్ళు, చేతి గాజు. మనిషిని కదపడం రెండు నిమిషాల పని. మిగతావి కదలకుండా ఆపడానికే ఈ లేయర్ల గొడవంతా. లేయర్ అంటే ఫొటో మీద ఒకదానిపై ఒకటి పరిచిన పారదర్శక పొర అనుకోండి. ఫోన్ యాప్‌లలో ఉండే "స్లిమ్" స్లైడర్లతో వచ్చే చిక్కూ ఇదే. అవి మనిషిని, గోడను కలిపి నొక్కేస్తాయి.

అదే రకం ఫొటో ఒకటి తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేద్దాం. మండపం ముందు పన్నెండు మంది నిలబడిన గ్రూప్. ఎడమ చివర పిన్నిగారు, పోచంపల్లి ఇక్కత్ చీర, జబ్బకు బంగారు వంకీ. ఆమె పక్కనే స్తంభం. నేను చెప్పే పేర్లు ఫొటోషాప్‌వి. అది లేకపోతే బ్రౌజర్‌లోనే ఉచితంగా నడిచే ఫొటోపియా ఉంది, మెనూలు చాలావరకు అలాగే ఉంటాయి. జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు తేడా ఉన్న చోట్లు చివర్లో చెప్తాను.

ముందు, ఎందుకు లావుగా కనిపిస్తున్నారో చూడండి

గ్రూప్ ఫొటోలో చివర నిలబడినవాళ్లు ఉన్నదానికంటే లావుగా పడతారు. ఇది వాళ్ల తప్పు కాదు, వైడ్ లెన్స్ (ఎక్కువ వెడల్పు దృశ్యాన్ని పట్టే లెన్స్) పని. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 24 ఎంఎం లెన్స్ పెట్టి తీస్తే, ఫ్రేము పక్క అంచున పడిన క్రికెట్ బంతి కూడా కోడిగుడ్డులా సాగుతుంది. ఎత్తు కంటే వెడల్పు దాదాపు 25 శాతం ఎక్కువ వస్తుంది. 35 ఎంఎంకి ఇది 12 శాతం దాకా ఉంటుంది, 50 ఎంఎంకి 6 శాతమే. ఫోన్ల మెయిన్ కెమెరాలు చాలావరకు 24, 26 ఎంఎం లెక్కలోకే వస్తాయి కాబట్టి ఫోన్ గ్రూప్ ఫొటోలోనూ ఇదే కథ. లెన్స్ ప్రొఫైల్ కరెక్షన్ పెడితే పోతుందనుకోకండి. అది వంగిన గీతలను నిటారు చేస్తుంది, ఈ సాగుడు జోలికి పోదు.

కాబట్టి చివరి మనిషికి సగం వైద్యం లిక్విఫై (ఫొటోలో ఒక భాగాన్ని బ్రష్‌తో తోసి ఆకారం మార్చే ఫిల్టర్) అక్కర్లేకుండానే జరుగుతుంది. ఆమెను విడిగా కోసి, అడ్డంగా కొంచెం కుదిస్తే సరిపోతుంది. అది లెన్స్ చేసిన తప్పును వెనక్కి తిప్పడం మాత్రమే. ఆ తర్వాత కూడా జబ్బ దగ్గర ఏమైనా మిగిలితే అప్పుడు చూసుకోవచ్చు. మధ్యలో నిలబడినవాళ్లకు ఈ సాకు చెల్లదు.

ఇంకో ముఖ్యమైన మాట. అడక్కుండా ఎవరి నడుమూ తగ్గించకండి. జాకెట్టు ముడత, గాలికి ఉబ్బిన కుచ్చిళ్లు, లెన్స్ సాగుడు లాంటివి నేను అడక్కుండానే సరిచేస్తాను. ఒళ్లు మాత్రం ఆ మనిషి స్వయంగా అడిగితేనే. పక్కనున్న వదినగారు అడిగితే సరిపోదు. వాణిజ్య ప్రకటనల్లో మోడళ్ల ఒంటి ఆకారం మారిస్తే, ఆ సంగతి ఫొటో మీదే రాయాలని ఫ్రాన్స్‌లో 2017 నుంచి నిబంధన ఉంది. నార్వే 2022లో అలాంటిదే తెచ్చింది. మన పెళ్లి ఆల్బమ్‌కు అవేవీ వర్తించవు కానీ, పెళ్లిచూపులకు పంపే ఫొటో అయితే నేను ఈ పనికి ఒప్పుకోను. రేపు మనిషి ఎదురుగా వచ్చి కూర్చుంటుంది కదా. ఇక అమెరికా వీసా ఫొటో అయితే అసలు ముట్టుకోకండి. రూపం మార్చిన ఫొటో అక్కడ చెల్లదు.

1. అసలు లేయర్‌ను తాకకండి

ఫొటో తెరవగానే కంట్రోల్, జె నొక్కి కాపీ తీయండి. కింద ఉన్న బ్యాక్‌గ్రౌండ్‌కు తాళం అలాగే ఉండనివ్వండి. కాపీకి "గోడ" అని పేరు పెట్టండి. మళ్లీ కంట్రోల్, జె నొక్కి ఇంకో కాపీ తీసి "పిన్ని" అని రాయండి. పేర్లెందుకు అనుకుంటారు కానీ, పదకొండో లేయర్ దగ్గర "లేయర్ 7 కాపీ 2" అని కనబడినప్పుడు తెలుస్తుంది బాధ.

ఫొటోషాప్‌లో లేయర్లు వచ్చింది 1994లో, మూడో వెర్షన్‌తో. అంతకు ముందు చేసిన మార్పు చేసినట్టే బొమ్మలో కలిసిపోయేది. దానికీ ముందు స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో టచింగ్ చేసేవారు. అక్కడ చెయ్యి జారితే ఇక అంతే. ఇప్పుడు వంద సార్లు వెనక్కి రావచ్చు. ఆ వీలును మనమే పాడు చేసుకోకూడదు.

2. మనిషిని మాస్క్‌తో విడదీయండి

"పిన్ని" లేయర్ మీద ఉండి ఆబ్జెక్ట్ సెలెక్షన్ టూల్‌తో ఆమె చుట్టూ డబ్బా గీయండి. సెలెక్షన్ రాగానే లేయర్ ప్యానెల్ కింద మాస్క్ గుర్తు నొక్కండి. చుట్టూ ఉన్నదంతా మాయమవుతుంది. పోదు, దాక్కుంటుంది అంతే. మాస్క్‌లో తెలుపు ఉన్నచోట లేయర్ కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట దాగుతుంది. బూడిద రంగులో సగం సగం. నలుపు తెలుపు మార్చుకోవడానికి ఎక్స్ నొక్కండి. మాస్క్ ఎలా ఉందో విడిగా చూడాలంటే ఆల్ట్ పట్టుకుని మాస్క్ బొమ్మ మీద క్లిక్ చేయండి.

యంత్రం ఇచ్చే సెలెక్షన్ నూటికి ఎనభై పాళ్లు బాగానే ఉంటుంది. మిగతా ఇరవై మీరు బ్రష్‌తో దిద్దాలి. మూడు చోట్లు తప్పకుండా చూడండి. మొదటిది జబ్బకు, ఒంటికి మధ్య ఉన్న సందు. అందులో వెనకాల స్తంభం కనిపిస్తుంటే అక్కడ నలుపు వేయాలి. రెండోది జడలో పూలు. మూడోది ఆమె పక్కనున్న మనిషి భుజం మీద పడిన ఆమె పైట. చేతి అంచు దగ్గర బ్రష్ హార్డ్‌నెస్ 80 దాకా, జుట్టు దగ్గర 20 దాకా పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక్కడ కొత్తవాళ్లందరూ పడే గుంట ఒకటి ఉంది. నేనూ పడ్డాను. మాస్క్ వేసిన లేయర్‌ను అలాగే లిక్విఫైలోకి తీసుకెళ్తే బొమ్మ కదులుతుంది, మాస్క్ కదలదు. చెయ్యి లోపలికి వెళ్తుంది, దాని వెంట స్తంభం ముక్క ఒకటి మాస్క్ కిటికీలోంచి తొంగి చూస్తుంది. కాబట్టి ఇలా చేయండి. మాస్క్ దిద్దడం అయ్యాక ఆ లేయర్‌కు కాపీ తీయండి. కాపీలో మాస్క్ మీద రైట్ క్లిక్ చేసి అప్లై లేయర్ మాస్క్ నొక్కండి. ఇప్పుడు ఆ కాపీలో పిన్నిగారు తప్ప ఏమీ లేదు, చుట్టూ ఖాళీ. దాని మీద రైట్ క్లిక్ చేసి కన్వర్ట్ టు స్మార్ట్ ఆబ్జెక్ట్ అనండి. అసలు పిక్సెళ్లను లోపల భద్రంగా ఉంచే లేయర్ అది, పైన చేసిన మార్పును ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. మాస్క్ ఉన్న పాత లేయర్ పక్కన కన్ను గుర్తు నొక్కి కన్ను మూసేయండి, అంటే దాచేయండి, చెరపొద్దు. అవసరమైతే దాని దగ్గరికి రావచ్చు.

3. వెనకాల గోడ కట్టండి

అసలైన పని ఇది. చెయ్యి 20 పిక్సెళ్లు లోపలికి వెళ్తే, ఖాళీ అయిన ఆ 20 పిక్సెళ్లలో ఏం కనిపించాలి? స్తంభం. కానీ "గోడ" లేయర్‌లో అక్కడ ఉన్నది పాత చెయ్యే. అలాగే వదిలేస్తే పిన్నిగారికి రెండు చేతుల అంచులు కనిపిస్తాయి, దెయ్యం సినిమాలోలాగా.

పిన్ని లేయర్లన్నీ దాచి "గోడ" మీదికి రండి. మనిషిని మొత్తం చెరపక్కర్లేదు. బయటి అంచు వెంట లోపలికి ఓ 60, 80 పిక్సెళ్ల పట్టీ మేరకు స్తంభాన్ని పొడిగిస్తే చాలు. కుదింపు ఎక్కువుంటే పట్టీ ఇంకాస్త వెడల్పు తీసుకోండి. సాదా గోడ అయితే ఆ పట్టీ సెలెక్ట్ చేసి కంటెంట్ అవేర్ ఫిల్ ఇచ్చేయండి, చుట్టుపక్కల చూసి అదే నింపేస్తుంది. స్తంభం దగ్గర దాన్ని నమ్మకండి. బంతిపూలను పిసికి ముద్ద చేస్తుంది. స్తంభం పైభాగంలో, చెయ్యి అడ్డం లేని చోట నుంచి ఓ నిలువు ముక్క సెలెక్ట్ చేసి, కంట్రోల్, జెతో కొత్త లేయర్ చేసి, షిఫ్ట్ పట్టుకుని కిందికి జరపండి. షిఫ్ట్ పట్టుకుంటే పక్కకు జారదు. దాని అంచులను మాస్క్ వేసి మెత్తని బ్రష్‌తో కలపండి.

ఒక చిన్న కిటుకు. అదే బంతిపువ్వు, అదే రేక విరుపుతో, ఒక జానెడు కింద మళ్లీ కనిపిస్తే కన్ను వెంటనే పట్టేస్తుంది. ముక్కను అడ్డంగా తిప్పి పెట్టండి, ఫ్లిప్ హారిజాంటల్‌తో. స్తంభం మీద వెలుగు ఒక పక్క నుంచి పడుతుంటే మాత్రం తిప్పొద్దు, వెలుగు దిక్కు తిరగబడుతుంది. అప్పుడు క్లోన్ స్టాంప్‌తో (ఒక చోటి పిక్సెళ్లను ఇంకో చోట అద్దే టూల్) రెండు మూడు పూలు మార్చుకోండి.

4. కుదించండి

పిన్ని స్మార్ట్ ఆబ్జెక్ట్ మీద కంట్రోల్, టి నొక్కండి. పైన వెడల్పు, ఎత్తు గొలుసు గుర్తుతో కట్టేసి ఉంటాయి. గొలుసు తీసి వెడల్పు ఒక్కటే 92 శాతం దగ్గర పెట్టి చూడండి. లెక్క ప్రకారం ఫ్రేము మధ్య నుంచి అంచుకు ముప్పావు దూరంలో ఉన్న మనిషికి, 24 ఎంఎం ఫొటోలో, 87 దాకా కూడా వెళ్లవచ్చు. నేను వెళ్లను. 90 దాటి కిందికి వస్తే పక్కనున్నవాళ్ల సాగుడు అలాగే ఉండి ఈమె ఒక్కతే కాగితం బొమ్మలా తేలుతుంది. పక్కవాళ్లను కూడా 95, 97 అంటూ తగ్గించుకుంటూ పోయే ఓపిక ఉంటే చేయండి, బాగుంటుంది.

కుదించేటప్పుడు ఆమె ఏ వైపు ఆనుకుని ఉందో ఆ వైపు కదలకుండా చూసుకోండి. ఇక్కడ కుడి పక్కన మనుషులున్నారు కాబట్టి కుడి అంచు ఉన్నచోటే ఉండాలి, ఎడమ అంచు లోపలికి రావాలి. చాలా ఫొటోలకు ఈ మెట్టు దగ్గరే ఆగిపోవచ్చు.

5. వంకీని విడిగా తీయండి

ఇంకా జబ్బ తగ్గించాలంటే, ముందు నగల సంగతి చూడాలి. మాంసం మెత్తనిది, బ్రష్‌తో తోస్తే పోతుంది. బంగారం గట్టిది. వంకీలో ఎదురెదురుగా ఉన్న రెండు వంపుల్లో ఒకటి నొక్కుకుపోతే, చిన్నప్పటి నుంచి నగలు చూస్తూ పెరిగిన ఏ ఆడమనిషైనా ఒక్క చూపులో చెప్పేస్తుంది. గాజులూ అంతే, వడ్డాణం మీది బిళ్లలూ అంతే. లిక్విఫైలో ఫ్రీజ్ మాస్క్ (ఒక భాగం కదలకుండా దాని మీద పూసే పూత) వేసి వంకీని బిగించేయవచ్చు కదా అనొచ్చు. బిగిస్తే వంకీ కింద చెయ్యి కదలదు. పైన సన్నం, కింద సన్నం, వంకీ దగ్గర లావు. దారంతో కట్టిన బెలూన్‌లా తయారవుతుంది.

అందుకని స్మార్ట్ ఆబ్జెక్ట్ పైన, వంకీ ఒక్కటే సెలెక్ట్ చేసి కంట్రోల్, జె నొక్కి సొంత లేయర్‌లో పెట్టండి. పెన్ టూల్‌తో జాగ్రత్తగా చేయాల్సిన పని, పది నిమిషాలు పోతే పోనివ్వండి. దాన్ని కాసేపు దాచండి. చెయ్యి తగ్గాక కంట్రోల్, టితో వంకీని మొత్తంగా, ఎత్తు వెడల్పు కలిపి, అదే నిష్పత్తిలో చిన్నది చేసి పైన కూర్చోబెట్టాలి. కింద పాత వంకీ అంచు కాస్త బయటకు కనిపిస్తే పక్కనున్న చర్మాన్ని ఖాళీ లేయర్ మీద క్లోన్ చేసి కప్పేయండి.

6. లిక్విఫై

స్మార్ట్ ఆబ్జెక్ట్ మీద ఉండి కంట్రోల్, షిఫ్ట్, ఎక్స్ నొక్కండి. కుడిపక్క షో బ్యాక్‌డ్రాప్ పెట్టుకుంటే వెనకాల గోడ కూడా కనిపిస్తుంది. ఫార్వర్డ్ వార్ప్ టూల్, అంటే డబ్ల్యూ, తీసుకోండి. కొత్తవాళ్లు ఇక్కడ చిన్న బ్రష్‌తో మొదలుపెడతారు. చిన్న బ్రష్‌తో తోస్తే అంచు సొట్టలు పడుతుంది, పాత ఇత్తడి బిందెలా. జబ్బ వెడల్పు 200 పిక్సెళ్లు ఉంటే బ్రష్ 400 పైనే ఉండాలి. ప్రెషర్ 20, 25 దాటొద్దు. బ్రష్ మధ్య గుర్తు చేతి అంచు మీద పెట్టి, లోపలికి చిన్నగా తోయండి. ఒకే పెద్ద తోపు కంటే పక్కపక్కన ఐదారు చిన్న తోపులు నయం.

భుజం కీలు, మోచెయ్యి, మణికట్టు మేకుల్లాంటివి. వాటిని కదపకండి. ఫ్రీజ్ మాస్క్ టూల్ తీసుకుని మోచెయ్యి, ముఖం, చీర పైట మీద రుద్దితే ఎర్రగా అవుతాయి, ఇక కదలవు. మేకుల మధ్య ఉన్న కండ ఒక్కటే తగ్గాలి. రెండు పక్కల నుంచీ తగ్గించండి. నేను బయటి అంచు నుంచి రెండు వంతులు, లోపలి అంచు నుంచి ఒక వంతు తోస్తాను. ఒకే పక్క తోస్తే చెయ్యి సన్నమవకుండా వంకర పోతుంది. జాకెట్టు చేతి అంచు కూడా చూసుకోండి. చెయ్యి తగ్గి అంచు తగ్గకపోతే జాకెట్టు వదులైపోయినట్టు ఉంటుంది.

లిక్విఫైలోనే ఉండే పకర్ (లోపలికి పీల్చేది), బ్లోట్ (ఉబ్బించేది) టూల్స్ జోలికి వెళ్లకండి. అవి ముక్కు, కన్ను లాంటి చిన్న వాటికి ఎప్పుడైనా పనికొస్తాయేమో, చేతి మీద వాడితే చర్మం గింజలన్నీ ఒకచోటికి గుమిగూడతాయి.

తోయడం అయ్యాక ఓకే నొక్కే ముందు రీకన్‌స్ట్రక్ట్ బటన్ నొక్కితే ఒక స్లైడర్ వస్తుంది. 100 నుంచి 70కి తగ్గించండి. ఎప్పుడూ మొదటిసారి మనం ఎక్కువే చేస్తాం. నా అనుభవంలో 70 దగ్గర కనిపించేదే సరైన కొలత.

7. చీర గళ్ళు మళ్లీ నిటారుగా

పోచంపల్లి చీర ఎంచుకున్నది ఇందుకే. పువ్వుల చీర అయితే కాస్త కదిలినా దాక్కుంటుంది. ఇక్కత్ డిజైన్‌లో గళ్ళు, మెట్లు, వజ్రాల ఆకారాలు వరుసలో ఉంటాయి. ఒక్క వరుస వంగినా తెలిసిపోతుంది.

స్మార్ట్ ఆబ్జెక్ట్ మీద వాడాం కాబట్టి లిక్విఫై స్మార్ట్ ఫిల్టర్‌గా, అంటే మళ్లీ తెరిచి మార్చుకోగల ఫిల్టర్‌గా వచ్చింది. దాని కింద సొంత తెల్ల మాస్క్ ఒకటి ఉంటుంది. దాని మీద క్లిక్ చేసి, నలుపు బ్రష్‌తో వంగిన గళ్ళ మీద రుద్దండి. అక్కడ లిక్విఫై పని తొలగి పాత గళ్ళు వచ్చేస్తాయి. కదిలిన భాగం, కదలని భాగం కలిసే చోట రెండు బొమ్మలూ సగం సగం కలిసి మసకగా కనిపించవచ్చు. ఆ కలయికను ఎప్పుడూ సాదా చోట, లేదా చీర మడత నీడలో పెట్టండి. జరీ అంచు మీద మాత్రం పెట్టకండి.

ఇదే కారణంతో ఇంకో హెచ్చరిక. మార్పు ఎక్కువైందనిపిస్తే లేయర్ ఒపాసిటీ (లేయర్ ఎంత చిక్కగా కనిపించాలో చెప్పే అంకె) తగ్గించకండి. రంగుల విషయంలో అది పనిచేస్తుంది. ఆకారం విషయంలో చెయ్యే పారదర్శకమై, వెనకాల "గోడ" అందులోంచి కనిపిస్తుంది. ఎక్కువైతే స్మార్ట్ ఫిల్టర్ మీద డబుల్ క్లిక్ చేసి మళ్లీ లిక్విఫైలోకి వెళ్లి, రీకన్‌స్ట్రక్ట్ స్లైడర్ ఇంకాస్త తగ్గించండి.

8. నీడ, ఆపైన చూపు

ఫ్లాష్ వెలుగులో చేతి నీడ స్తంభం మీద పడి ఉంటే, చెయ్యి తగ్గాక ఆ నీడ అంచు కూడా తగ్గాలి. కొత్త లేయర్ తీసి, కింది బొమ్మను ముదురు చేసే మల్టిప్లై మోడ్ పెట్టి, మెత్తని బ్రష్‌తో పలుచగా వేయండి. పాత నీడను "గోడ"లోనే తుడిచేసి ఉండాలి.

తర్వాత బ్యాక్‌గ్రౌండ్ లేయర్ కన్ను గుర్తు మీద ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేయండి. పాత ఫొటో ఒక్కటే కనిపిస్తుంది. మళ్లీ క్లిక్ చేస్తే కొత్తది. రెండు మూడుసార్లు మార్చి చూడండి. మీ కళ్లు స్తంభం దగ్గర ఆగుతున్నాయా, చెయ్యి దగ్గరా? ఇమేజ్‌ను అడ్డంగా తిప్పి కూడా చూడండి, అలవాటుపడ్డ కన్నుకు తప్పు అప్పుడే దొరుకుతుంది. 12×36 అంగుళాల షీట్ మీద ఈ ఫొటో పూర్తిగా పరుస్తారనుకుంటే, 300 డీపీఐ దగ్గర ఒక్క అంగుళంలో 300 పిక్సెళ్లు. తెర మీద కనబడని 6 పిక్సెళ్ల సొట్ట అక్కడ అర మిల్లీమీటరు. వంద శాతం జూమ్‌లో ఒకసారి అంచు వెంట నడిచి రండి.

అదే ఆల్బమ్‌లో పిన్నిగారు ఇంకో పాతిక ఫొటోల్లో ఉంటారు. ఎదుటి పేజీలో ఆమె చెయ్యి పాతగానే ఉంటే ఈ శ్రమంతా నవ్వులపాలు. అందుకే నేను కొలత తక్కువ పెడతాను. కొద్దిగా మారిస్తే మిగతా ఫొటోలతో కలిసిపోతుంది.

జింప్ వాడేవాళ్లకు

2.10 వెర్షన్ నుంచి లిక్విఫై పనిని వార్ప్ ట్రాన్స్‌ఫార్మ్ టూల్ చేస్తుంది. అదీ డబ్ల్యూ కీ మీదే. మూవ్ పిక్సెల్స్ పెట్టుకోండి, స్ట్రెంగ్త్ తగ్గించండి. తప్పు జరిగితే ఎరేజ్ వార్పింగ్ ఉంది. ఎంటర్ కొట్టేదాకా మార్పు ఖాయం కాదు. ఎంటర్ కొట్టాక స్మార్ట్ ఫిల్టర్‌లా వెనక్కి వెళ్లి స్లైడర్ తిప్పే వీలుండదు, కాబట్టి ప్రతి దశలో లేయర్ కాపీ తీసి పెట్టుకోండి. ఫ్రీజ్ మాస్క్ బదులు ముందే సెలెక్షన్ చేసుకుని పనిచేయండి. కోయడం, గోడ కట్టడం, వంకీ విడదీయడం ఇక్కడా అదే పద్ధతి, టూల్స్, కీలు మాత్రం వేరు.

సేవ్ చేసేటప్పుడు పీఎస్‌డీ (ఫొటోషాప్ సొంత ఫైల్) లేయర్లతో సహా ఉంచండి, ప్రింట్‌కు వేరే జేపెగ్ తీయండి. పిన్నిగారి ఫైల్ నా దగ్గర రెండేళ్లు ఉంది. ఒకరోజు ఆవిడే ఫోన్ చేసి, "బాబూ, ఫ్రేము కట్టిస్తున్నాను, ఆ చెయ్యి నాదిలా లేదు, పాతదే పెట్టు" అన్నారు. లిక్విఫై పక్కన కన్ను మూశాను, వంకీ లేయర్ కన్ను మూశాను. లెన్స్ కుదింపు మాత్రం అలాగే ఉంచాను, స్తంభం నిటారుగానే ఉంది.